ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు

మనుషులకి అకౌంట్లు తెరవడం నా ఉద్యోగంలో ఒక భాగం. బ్యాంకువి కావు, మెయిల్‌వి. కౌలాలంపూర్‌లో నేను పనిచేసే కంపెనీ ఇంకో కంపెనీని కలిపేసుకున్నప్పుడల్లా, కొత్త బ్రాంచి తెరిచినప్పుడల్లా, నా దగ్గరికి ఒక ఫైలు వస్తుంది. అందులో వరసకి ఒక మనిషి. మా కంప్యూటర్లని నడిపే లైనక్స్‌కి ఒక మనిషి గురించి తెలియాల్సింది చాలా తక్కువ. పేరు, పాస్‌వర్డు, ఒక నంబరు, ఉండడానికి ఒక డైరెక్టరీ. ఆ డైరెక్టరీని హోమ్ అంటారు. మనిషి ఇంకా ఉద్యోగంలో చేరకముందే ఇల్లు సిద్ధమైపోతుంది. ఒక్కొక్కరికీ చేత్తో తెరుస్తూ కూర్చుంటే రోజంతా పోతుంది కాబట్టి ఒక చిన్న స్క్రిప్టు రాసిపెట్టుకున్నాను. అది ఫైలు పైనుంచి కిందకి చదువుకుంటూ, వరసకొక అకౌంటు తెరుచుకుంటూ పోతుంది. నేను ఈలోపు టీ తాగుతాను.

అలా నేను తెరిచిన అకౌంట్ల మనుషుల్లో చాలామందిని ఎప్పుడూ చూడలేదు. చూడాలనీ అనుకోలేదు. మనుషులు పేర్లుగా ఉన్నంతసేపు నాకు వాళ్లతో పేచీ ఉండదు. పాస్‌వర్డు మరిచిపోయామని ఫోన్ చేసినప్పుడే నా తలప్రాణం తోకకొస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి ఇదే పని మా పిన్ని కోసం చేశాను.

పిన్ని అమ్మకి స్వయానా చెల్లెలు. పేరాక్ రాష్ట్రంలో సుంగై సుమున్ అనే ఊళ్లో ఒక్కతే ఉంటుంది, పెళ్లి చేసుకోలేదు. మా ముత్తాతలు కూలికొచ్చిన తోట, ఆ ఎస్టేటు ఉన్న రోజుల్లో పనికెళ్లే తల్లుల పసిపిల్లల్ని చూసుకునేది. ఎస్టేటు పోయాక ఊళ్లో నర్సరీ బడిలో ఆయాగా చేసి రిటైరైంది. కానీ ఆమెని అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. రాములవారి గుడి పక్కన హాల్లో ఆదివారం పొద్దున్న పిల్లలకి తెలుగు చెబుతుంది. ఎప్పటినుంచి చెబుతోందంటే, ఇప్పుడు పిల్లల్ని తీసుకొచ్చి దింపే తల్లుల్లో కొందరు ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. వాళ్లలో చాలామందికి ఆ అక్షరాలు ఇప్పుడు గుర్తులేవు. ఇంట్లో తమిళం, బళ్లో మలయ్, ఫోన్లో ఇంగ్లీషు. తెలుగు వింటే అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు. నా సంగతీ అంతకంటే గొప్పేమీ కాదు. పిన్ని చెవి మెలిపెట్టి నేర్పబట్టి ఈమాత్రం రాయగలుగుతున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఫ్లాటు కింద పూలదండల కొట్టు ఉంది. ఆ గోలలో ఆమె మాట సరిగా వినబడక కిటికీ మూశాను.

"ఏటి సేస్తన్నావు? పనిలో ఉన్నావేటి?"

"లేదు పిన్నీ, చెప్పు."

"కంప్యూటర్ల ఉత్తరాలు పంపీది నీ పనే కదా. నాను పిల్లలందరికీ తలో ఉత్తరం రాయాల. ఆళ్లు నాకు తిరిగి రాయాల. తెలుగులోనే."

"వాట్సాప్‌లో పంపేయ్ లా," అన్నాను. మా మాటల చివర ఈ మలయ్ 'లా' తోకలా ఊగుతూనే ఉంటుంది, ఎంత తెలుగు మాట్లాడినా.

"అది ఆళ్ల అమ్మల ఫోను. అమ్మలే సదివి, అమ్మలే దండం బొమ్మ ఎట్టి పంపీస్తారు. నాకు పిల్లలు రాయాల."

అసలు సంగతి తర్వాత బయటపడింది. గుడి కమిటీ హాలుని ఆదివారాలు ట్యూషన్ సెంటరుకి ఇవ్వాలనుకుంటోంది. లెక్కలు, ఇంగ్లీషు చెప్పిస్తే పిల్లలు పది కోసుల నుంచైనా వస్తారు. తెలుగు క్లాసుకేమో వచ్చేవాళ్లు వస్తారు, రానివాళ్లు రారు. కమిటీ ఛైర్మన్ నాకు వరసకి మావయ్య. చెడ్డమనిషి కాడు. పిన్ని మొహంమీద కాదనలేక ఒక మెలిక పెట్టాడు. పేర్లు ఇచ్చిన పిల్లల్లో సగంమంది స్కూలు సెలవులు అయ్యేలోపు సొంతంగా తెలుగులో నాలుగు ముక్కలు రాసి చూపిస్తే హాలు టీచరమ్మకే. రాయకపోతే ట్యూషన్‌కి. పిన్ని సరే అనేసింది. అని, వెంటనే నాకు ఫోన్ చేసింది.

చిన్నపిల్లలకి పెద్ద కంపెనీలు మెయిల్ అకౌంట్లు తేలిగ్గా ఇవ్వవు, తల్లో తండ్రో తెరిచి ఇవ్వాలంటాయి. అదే చెప్పాను. పిన్ని ఒప్పుకోలేదు. "పిల్ల పేరుమీదే ఉండాల. ఇంకోళ్ల పేరుమీద వస్తే అది ఆ పిల్లకొచ్చినట్టేటి?" అంది.

ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ఎస్టేటులో కూలీలుండే లైను ఇళ్లలో అందరికీ ఒకటే అడ్రస్ ఉండేది. ఎస్టేటు పేరు, పోస్టాఫీసు పేరు, అంతే. దేశం నుంచి, అంటే ఇండియా నుంచి, ఉత్తరాలు వస్తే ఆఫీసు గుమాస్తా సాయంత్రం లైను దగ్గరకొచ్చి నిలబడి పేర్లు పిలిచేవాడు. ఆయన్ని కిరాణి అనేవారు. ఒకే పేరున్నవాళ్లు ముగ్గురున్నా ఏ ఉత్తరం ఎవరిదో కిరాణికి తెలిసిపోయేది. పిలిచేవి మగవాళ్ల పేర్లే. పిన్ని చిన్నప్పుడు అందరికంటే ముందు నిలబడేదట. ఆమె పేరు ఎప్పుడూ పిలవలేదు. ఈ ముక్క నాకు ఒక్కసారే చెప్పింది, అదీ చింతపండు పిసుకుతూ, ఏడుపూ లేదు నవ్వూ లేదు. చెప్పాక, ఉప్పు చూడమని పులుసు నా చేతిలో పోసింది.

నెలకింతని కట్టి ఒక చిన్న సర్వరు అద్దెకి తీసుకున్నాను. లైనక్స్ వేసి, మెయిల్ పెట్టాను. ఎవరికీ చెందని ఉత్తరం వస్తే, అంటే అకౌంటు లేని పేరుకి ఏదైనా వస్తే, అది పోకుండా నా పెట్టెలో పడేలా చేశాను. పిల్లలు కదా, అడ్రస్ తప్పు కొడతారని. ఆ పెట్టెలో ఎక్కువగా పడేది బట్టతలకి మందులు అమ్మేవాళ్ల ఉత్తరాలే అనుకోండి.

పిన్ని పిల్లల పేర్లు కాగితంమీద రాసి ఫొటో తీసి పంపింది. చూస్తే అన్నీ ఇంట్లో పిలుచుకునే ముద్దుపేర్లు. అలాంటి పేర్లతో సర్వరు నడిపితే నా పరువేం కాను? బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పేర్లు కావాలన్నాను.

"ఆ పేర్లు ఎవులు పిలుస్తారు లా?"

"సర్వరు పిలుస్తుంది పిన్నీ."

పాపం ఇల్లిల్లూ తిరిగి ఆ పేర్లు పట్టుకొచ్చింది. ఈ దేశంలో మనవాళ్ల పేర్లు ఒక తీరుగా ఉంటాయి. ముందు పిల్ల పేరు, తర్వాత 'కొడుకు' అనో 'కూతురు' అనో చెప్పే రెండక్షరాల మలయ్ గుర్తు, ఆ రెండక్షరాల మధ్య ఒక అడ్డగీత, ఆ తర్వాత తండ్రి పేరు. ఇంటిపేరు ఉండదు. ముత్తాతల ఇంటిపేర్లు ఎస్టేటు రిజిస్టరులోకి ఎక్కనేలేదు. ఆ అడ్డగీత ఉంటే లైనక్స్ పేరుని ఒప్పుకోదు. అందుకని నా స్క్రిప్టు ఆ గుర్తు దగ్గర పేరుని కత్తిరించి, ముందున్న సొంతపేరు మాత్రం ఉంచుకుంటుంది. తండ్రిది ఎందుకు, పిల్లదే ఉండాలని కదా పిన్ని అన్నది.

"నీకూ ఒక అకౌంటు కావాలి. నీ పేరు ఐసీ కార్డులో ఎలా ఉంది?" అని అడిగాను.

"నా పేరు ఎందుకు లా? టీచర్ అని ఎట్టీ."

అలాగే పెట్టాను. అప్పుడే ఒక సంగతి తట్టింది. మా పిన్ని పేరు నాకు తెలియదు. అమ్మ ఆమెని చెల్లీ అనేది, నేను పిన్నీ అంటాను, ఊరు టీచరమ్మా అంటుంది. పెద్దవాళ్లని పేరుపెట్టి పిలవం కాబట్టి పేరుతో అవసరం పడలేదు. ఎప్పుడైనా విని ఉంటానేమో. ఇది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు, పని మీద పడ్డాను.

స్క్రిప్టు నడిపాను. సగంలో ఒక ఖాళీ వరస తగిలి ఆగిపోయింది. ఆ వరస తీసేసి మళ్లీ మొదటినుంచి నడిపాను. ఇప్పటికే తెరిచిన అకౌంటు ఎదురైతే 'ఉంది, వదిలేశాను' అని రాసి ముందుకి పోయేలా స్క్రిప్టులో ముందే పెట్టుకున్నాను. రెండోసారి నడిపితే పాతవాటిని పాడుచెయ్యకుండా ఉండడానికి అది మంచి పద్ధతి, ఇప్పటికీ అంటాను. స్క్రీన్‌మీద 'ఉంది, వదిలేశాను' అని బారెడు వరసలు వచ్చాయి. రావాల్సినవే అనుకున్నాను. పిల్లలకి ఇవ్వడానికి అడ్రసు, పాస్‌వర్డు ఉన్న చీటీలు ప్రింటు తీశాను. నా పాత ల్యాప్‌టాప్‌లో అడ్రసులన్నీ ఎక్కించి, వారం చివర్లో బస్సెక్కి వెళ్లి పిన్నికిచ్చి వచ్చాను.

ఆమె ఒంటివేలితో టైపు చేస్తుంది. ఒక్కో అక్షరానికి కళ్లద్దాలు సవరించుకుంటుంది. అందరికీ ఒకే ఉత్తరం రాసి ఒక్క నొక్కుతో పంపొచ్చని చూపించాను. నన్ను పురుగుని చూసినట్టు చూసింది. ప్రతి పిల్లకీ వేరే ఉత్తరం రాసింది. ఒకడికి సైకిల్ మీదనుంచి పడ్డ మోకాలు మానిందా అని, ఒకదానికి మీ ఇంట్లో రంబుతాన్ చెట్టు కాసిందా, పొరుగోళ్లకి పెట్టారా అని. సెలవుల మొదటి వారమంతా అదే పని.

జవాబులు మెల్లగా మొదలయ్యాయి. రోజూ సాయంత్రం ఫోన్ చేసి చెప్పేది. ఒకడు 'బాగుంది టీచర్' అని రెండు మాటలు రాసి ఊరుకున్నాడు. ఇంకొకడు తెలుగుని తమిళ అక్షరాల్లో రాశాడు. ఒకమ్మాయి నూనె పెట్టి తల దువ్వుతుంటే రాస్తున్నానని, అక్షరాలు వంకర పోతే అమ్మదే తప్పని రాసింది. దానికి పిన్ని చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను, ఆఫీసు లిఫ్టులో, పక్కనున్నవాళ్లు చూస్తుండగా.

మూడోవారానికి ఫోన్లో ఆమె గొంతు తగ్గింది. సగానికి ఇంకా కొంచెం వెలితి ఉంది.

"రాయనోళ్లని అడగొచ్చుగా పిన్నీ."

"అడిగి రాయించుకుంటే అది జవాబేటి? పరీచ్చ అవతాది."

ఆ తర్వాత ఒకరోజు ఫోన్ చేసి వింతగా మాట్లాడింది. ఒకే పిల్ల దగ్గర్నుంచి నాలుగు జవాబులు వచ్చాయట. "మొదటిది బాగానే ఉంది. రెండోదాన్ల 'మాకు కుక్క నేదు టీచరమ్మా, అది సిన్నాన్నోళ్లది, నాను ఎళ్లి అడిగినాను, కాలు బాగయింది' అని రాసినాది. మూడోది, నాలుగోది కూడా అలాగే. నాను ఆ పిల్లకి కుక్కగురించి రాయనేదు. కుక్కున్నది దాని సిన్నాన్న కూతురికి."

ఆ పిల్లలెవరో అడిగాను. ఊళ్లో ఒక ముసలామె ఉంది, ఎస్టేటు రోజుల్లో పిన్నితో కలిసి లైన్లో పెరిగిన స్నేహితురాలు. ఆమెకి నలుగురు కొడుకులు. నలుగురూ తమ పెద్దకూతురికి తల్లి పేరే పెట్టారు. నాయనమ్మ పేరు నిలబెట్టడం మనవాళ్లలో ఉన్నదే. అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు, ఆ పేరుతో పిల్లని తిట్టడం అసలే కుదరదు, అందుకని ఇంట్లో నలుగురికీ నాలుగు ముద్దుపేర్లు. పిన్ని మొదట రాసి పంపిన కాగితంలో ఉన్నవి ఆ నాలుగే.

సర్వరు తెరిచి చూస్తే ఉన్నది ఒక్క అకౌంటే. నలుగురిలో పెద్దపిల్లది. మిగతా మూడు వరసల దగ్గరా నా స్క్రిప్టు 'ఉంది, వదిలేశాను' అని రాసింది. నేను రెండోసారి నడిపినప్పుడు వచ్చిన బారెడు వరసల్లో అవీ కలిసిపోయాయి. ఆ ముగ్గురి చీటీలూ పనిచెయ్యలేదు. పాస్‌వర్డు తప్పు అని వస్తుంటే, టీచరమ్మని ఇబ్బంది పెట్టడమెందుకని తల్లులు ఊరుకున్నారు. నాలుగు ఉత్తరాలూ పెద్దపిల్ల పెట్టెలో పడ్డాయి. ఆ పిల్ల మిగతా మూడూ చదివి, ఎవరివో పోల్చుకుని, సైకిలెక్కి చిన్నాన్నల ఇళ్లకి వెళ్లి, చెల్లెళ్లకి చదివి వినిపించి, వాళ్లు చెప్పిన జవాబులు తనే రాసింది.

నాకు ఒళ్లు మండింది. పిన్ని మీదే మండింది. "నాలుగు పేర్ల ఎదురుగా ఒకే అడ్రసుంటే నీకు అనుమానం రాలేదా?" అన్నాను.

"ఎందుకొస్తాది? మాకందరికీ ఒకటే అడ్రసు కదా ఉండీది. ఎవుల ఉత్తరం ఎవులికియ్యాలో లోపల కిరాణి సూసుకుంటాడనుకున్నాను లా."

సర్వరు లోపల కిరాణి ఉండడని ఆమెకి చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. పైగా, ఈసారి నిజంగానే ఒక కిరాణి ఉంది. సైకిలెక్కి తిరిగింది.

"మరి ఆ ముగ్గురికీ ఉత్తరం రానట్టేనా?" అని అడిగింది. ఆ అడగడంలో హాలు గురించి ఏమీ లేదు.

ఆ సాయంత్రమే మూడు అకౌంట్లు తెరిచాను, ఈసారి తండ్రి పేర్లు తోకకి తగిలించి. కొత్త పాస్‌వర్డులు పంపాను. పిన్ని మూడు ఉత్తరాలు మళ్లీ రాసింది. కానీ సెలవులు అయిపోయాయి. మర్నాడే కమిటీ కూర్చునే రోజు.

నేనూ వెళ్లాను. పూజ అయ్యాక హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నారు. అందరి చేతుల్లో ప్రసాదం. ఛైర్మన్ మావయ్య పిన్ని తెచ్చిన జవాబుల కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. నాలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు, మెచ్చుకున్నాడు. తమిళ అక్షరాలవాడిది కూడా ఒప్పుకున్నాడు. లెక్క చూసుకుని మొహం విప్పారింది.

"సగం అయిపోనాది కదా టీచరమ్మా. ఇంకేటి? హాలు మీదే. ఆ ట్యూషనోళ్లకి నాను సెప్పుకుంటాను."

నిజానికి ఆయనకీ అదే కావలసింది. ఊళ్లో ఎవరితోనూ మాటపడడం ఆయనకి ఇష్టం ఉండదు. నేను లేచి కాళ్లు సాగదీసుకున్నాను, పని అయిపోయిందని.

"అవనేదు," అంది పిన్ని.

మావయ్య తలెత్తాడు.

"ఆ నాలుగూ ఒక పిల్ల రాసినవి. తక్కిన ముగ్గురికీ నా ఉత్తరం అందనేదు. అందని ఉత్తరానికి జవాబేటి?"

"రాసింది ఆళ్ల మాటలే కదా అక్కా. ఎవులు రాస్తే ఏటి?"

"ఒక పిల్ల రాసినాది. ఒకటే ఎయ్యి."

ఒకటే వేస్తే సగం రాదు. అది ఆమెకి తెలుసు, ఆయనకి తెలుసు. నాకూ తెలుసు కాబట్టి ఉండబట్టలేక నోరు తెరిచాను. తప్పు అకౌంట్లు తెరవడంలో జరిగిందని, పిల్లలది కాదని, ఇంకో వారం గడువిస్తే ముగ్గురూ రాస్తారని చెప్పాను. స్క్రిప్టు, ఖాళీ వరస, రెండోసారి నడపడం, అన్నీ వివరించాను. కుర్చీల్లో ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు. మావయ్య ప్రసాదం ఆకు మడిచి పక్కన పెట్టాడు. ట్యూషన్‌వాళ్లు వచ్చే ఆదివారం మొదలెడతామని పిల్లల తల్లిదండ్రులకి చెప్పేసుకున్నారని, సగం వస్తే తను మాట తిప్పుకోగలడని, రాకపోతే ఎలాగని అన్నాడు. చూపు మాత్రం పిన్ని మీదే ఉంది. ఒక్క మాట వెనక్కి తీసుకుంటుందేమోనని.

ఆమె తీసుకోలేదు. కాగితాలు సర్దుకుని, కుర్చీ తీసుకెళ్లి గోడకి ఆనించి వచ్చింది.

దారిలో ఆమెకంటే నాలుగడుగులు ముందే నడిచాను. అంత కోపం వచ్చింది. ఎవరూ అడగని నిజం చెప్పి ఏళ్ల తరబడి నడిపిన క్లాసుని చేజేతులా వదులుకుంది. ఇంటికొచ్చాక అదే అన్నాను, కొంచెం గట్టిగానే. నాకు టీ పోస్తూ, "పిల్లని ముందు నిలబెట్టి, పేరు పిలవకుండా ఎల్లిపోతే ఎలాగుంటాదో నీకేటి ఎరిక?" అంది. చక్కెర ఎక్కువేసింది. తాగేసి బస్సెక్కాను.

ట్యూషన్ మొదలైంది. పిన్ని ఆదివారం క్లాసు ఇంటి ముందు కారు పెట్టుకునే రేకుల కిందకి మారింది. ఆమెకి కారు లేదు కాబట్టి చోటుకి ఇబ్బంది లేదు. పిల్లలే తగ్గారు. లెక్కలు అయ్యాక వచ్చేవాళ్లు కొందరు, వర్షం వస్తే రానివాళ్లు కొందరు. ఫోన్ చేసినప్పుడు బాగానే ఉందంటుంది. బాగా లేదని నాకు తెలుస్తూనే ఉంటుంది.

సర్వరు తీసేద్దామా అనుకున్నాను. ఎవరు ఎప్పుడు చివరిసారి లోపలికొచ్చారో చూపించే కమాండు ఒకటి ఉంది. అది కొడితే చాలా పేర్ల ఎదురుగా ఒకటే మాట వచ్చింది, ఎప్పుడూ రాలేదని. ఉద్యోగంలో ఇలాంటి అకౌంట్లు ఏడాదికోసారి ఏరి పారేస్తాను, రెండోసారి ఆలోచించను. ఇక్కడ ఎందుకో వచ్చే నెల చూద్దాంలే అనుకుంటూ వచ్చాను.

ఒకరోజు ఆఫీసులో భోజనం వేళ, ఎవరికీ చెందని ఉత్తరాలు పడే నా పెట్టె ఖాళీ చేస్తున్నాను. బట్టతల మందులు, లాటరీలు, అలవాటుగా ఒక్కొక్కటే చెరిపేస్తున్నాను. వాటి మధ్య మా సర్వరు నుంచే మా సర్వరుకే వచ్చిన ఉత్తరం ఒకటి ఉంది. పైన ఒక ఆడమనిషి పేరు. ఆ పేరుతో నేను ఎవరికీ అకౌంటు తెరవలేదు. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు అని సర్వరు దాన్ని నా పెట్టెలోకి తోసేసింది. పాతకాలపు పేరు, ఇప్పుడు పిల్లలకెవరూ పెట్టరు. ఏ పిల్లో అడ్రసు తప్పు కొట్టిందనుకున్నాను. ఎవరిదో చూద్దామని తెరిచాను.

పంపింది పెద్దపిల్ల, సైకిల్ కిరాణి. మొదటి వరస ఇలా ఉంది: 'టీచరమ్మా, టీచర్ అంటే బడి అడ్రసులా ఉంది, బడి ఇప్పుడు హాల్లో లేదు కదా. అందుకే మీ సొంత పేరు ఏమిటని నాయనమ్మని అడిగాను.'

ఊళ్లో పిన్నిని పేరు పెట్టి పిలిచే మనిషి ఆ ముసలామె ఒక్కతే మిగిలినట్టుంది. నేను అక్కడే ఆగాను. కింద ఇంకా చాలా ఉంది. పెద్ద ఉత్తరమే. చదవలేదు.

స్క్రిప్టు అవసరం లేదు, ఒక్కటే అకౌంటు. చేత్తో కొట్టాను. ఆ పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను, తప్పు పోకూడదని. ఈ వయసొచ్చి మా పిన్ని పేరు నా చేత్తో రాయడం అదే మొదలు. నాకు సిగ్గేసింది. దాన్ని ఇక్కడ రాయను, అది ఆమెది. అకౌంటు తయారయ్యాక ఆ ఉత్తరాన్ని నా పెట్టెలోంచి తీసి ఆమె పెట్టెలో పెట్టి, చదవనిదిగా గుర్తుపెట్టాను. ఆ తర్వాత ఫోన్ చేశాను.

"పిన్నీ, నీకు ఉత్తరం వచ్చింది."

"పిల్లలదేనా? సాయంత్రం సూస్తాను లే, బట్టలు ఆరేస్తన్నాను."

"టీచర్‌కి కాదు. నీ పేరుమీద వచ్చింది." ఆ పేరు చెప్పాను. చెప్పకూడదని తెలిసే చెప్పాను.

అవతల తడిబట్ట దులిపే చప్పుడు ఆగిపోయింది.

"పైన అలాగే ఉన్నాదా? నా పేరే?"

"అలాగే ఉంది. ఏం రాసిందో చదివి వినిపించనా?"

"వద్దొద్దు," అంది. "నువ్వు సదవకు. నాకొచ్చింది కదా. నానే సదువుకుంటాను."